వెంటిలేటర్ అవతలి క్లాసు

లెక్కల టీచరుకి ఫోటోలంటే చిరాకు. అందులోనూ తన భర్త తీసే ఫోటోలంటే మరీ చిరాకు. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ బస్సు ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్లింది అన్న ధ్యాస తప్ప వేరే లోకం తెలియదు. అలాంటివాడు కూతురు కొనిచ్చిన ఫోను చేతికి రాగానే చిన్నపిల్లాడైపోయాడు. గోడకి పెచ్చు ఊడితే ఫోటో. కాలవ మీద మూత పగిలితే ఫోటో. తీసిన ప్రతిదాంట్లోనూ ఓ మూల ఆయన బొటనవేలు. "వేలు తీసెయ్యండి మహానుభావా" అని ఆవిడ మొత్తుకుంటే, "ఏమన్నావ్? పాలు తీసుకురానా?" అనేవాడు. ఆయనకి కొంచెం చెవుడు. నాలుగేళ్ల కిందట చెవి మిషను పెట్టిస్తే నెల తిరక్కుండా బస్సులో పోగొట్టుకొచ్చాడు. అప్పట్నించీ టీచరు గొంతు ఇంట్లో ఇంకో మెట్టు పైకెక్కింది.

అసలే అది క్లాసులో చివరి బెంచీ దాకా వినపడటానికి తయారైన గొంతు. బడి నుంచి వచ్చాకా, రిటైరయ్యాకా కూడా సాయంత్రాలు ఇంటి వెనక గదిలో ట్యూషన్లు చెప్పేది. వీధిలో పిల్లలందరూ అక్కడే లెక్కలు నేర్చుకున్నారు, అక్కడే తిట్లూ తిన్నారు. ఇప్పుడు పిల్లలు ఫోన్లలోనే పాఠాలు వింటున్నారు. ఒకరొకరే మానేసి, చివరికి ఆ గదిలోకి పాడైన ఫ్యాన్లూ, విరిగిన కుర్చీలూ చేరాయి. టీచరు ఆ గది తలుపు తీయడం మానేసింది. కూరగాయలవాడి దగ్గరా, గ్యాసు కుర్రాడి దగ్గరా అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేవడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో లైబ్రరీలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పుస్తకాలు ఇవ్వడం, దుమ్ము దులపడంతో ఊరుకోకుండా, ప్రతి ఆదివారం పొద్దున ఊళ్లో ఎవరూ పట్టించుకోని చోట్లకి వెళ్లి ఫోటోలు తీద్దాం రమ్మని తలుపు మీద కాగితం అంటించింది. మంచి కెమెరా అక్కర్లేదు, కాళ్లుంటే చాలు అని రాసింది. మొట్టమొదట పేరిచ్చింది టైమ్‌కీపరే. ఆయన ఒక్కడే పోతే ఏ గోతిలో పడతాడోనని టీచరు కూడా బయల్దేరింది. గొడుగు, నీళ్లసీసా, మొహం నిండా విసుగు పట్టుకుని వెనకాలే నడిచేది.

వాళ్లు మూతపడిన వంతెన కింది దారి చూశారు. పాత వాటర్ ట్యాంకు ఎక్కారు. ఎప్పుడో ఆగిపోయిన లిఫ్టులో పావురాలు పెట్టుకున్న గూడు చూశారు. ప్రతిచోటా టైమ్‌కీపరు మోకాళ్ల మీద వంగి, పక్కకి ఒరిగి, మెడ వంకర చేసి తీస్తూనే ఉన్నాడు.

"ఇందులో ఏముందని?" అనేది టీచరు.

"ఏమీ లేదు. అందుకే తీస్తున్నా. ఉన్నవన్నీ అందరూ తీసేశారుగా" అనేవాడాయన.

వానలు పట్టుకున్నాక నడకలు కుదరలేదు. లైబ్రరీ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఎవరింట్లో వాళ్లుండి, వెనక కిటికీ లోంచి ఏం కనపడుతుందో తీసుకురమ్మంది. వెనక కిటికీ లోంచి చూసేవాళ్లెవరు అంది. టైమ్‌కీపరు ఇల్లంతా తిరిగాడు. వాళ్లింటికి వెనక వైపు ఉన్నది ఒక్కటే, ట్యూషన్ గదిలో పైకప్పుకి దగ్గరగా పలకల వెంటిలేటరు. అవతల గాలి కోసం వదిలిన సందేదో ఉందనుకునేవాళ్లు తప్ప ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆయన విరిగిన కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కాడు. ఒక పలక ఊడబెరికి, చెయ్యి బయటికి పెట్టి, గుడ్డిగా రెండుసార్లు నొక్కాడు.

"పడితే నడుం విరుగుతుంది. అప్పుడు ఎక్స్‌రే అంటూ ఇంకో ఫోటో" అంటూ టీచరు కింద స్టూలు పట్టుకుని నిలబడింది.

తరవాతి ఆదివారం లైబ్రరీలో గోడకి అందరి ఫోటోలూ క్లిప్పులతో తగిలించారు. టైమ్‌కీపరు ఫోటోలో నాచు పట్టిన గోడ, నీలం రంగు ఊడిపోతున్న ఇనప మెట్లు. ఆ మెట్లు పైకి వెళ్లి దేన్నీ చేరకుండా గాల్లో ఆగిపోయాయి. దాని పక్కన పళ్ల డాక్టరమ్మ తెచ్చిన ఫోటో. అది బజారు వైపున్న ఆవిడ క్లినిక్ బాత్‌రూమ్ కిటికీ లోంచి తీసింది. అందులోనూ నీలం మెట్లు. అవీ గాల్లోనే ఆగిపోయాయి.

"భలే. మీ వెనకా ఇలాంటి పిచ్చి మెట్లున్నాయా!" అంది డాక్టరమ్మ.

"మీ మెట్లు ఎడమ నుంచి కుడికి ఎక్కుతున్నాయండీ. మావి కుడి నుంచి ఎడమకి. ఎవరి పిచ్చి వాళ్లది" అన్నాడు టైమ్‌కీపరు.

కుర్చీలో కూర్చుని నీళ్లు తాగుతున్న టీచరు సీసా కింద పెట్టింది. లేచి వచ్చి కళ్లజోడు సవరించుకుని రెండు ఫోటోల మధ్యా నిలబడింది.

"అవి రెండు మెట్లు కావు" అంది. "ఒక్కటే. మీరు ఇటు నుంచి చూస్తున్నారు, ఈయన అటు నుంచి చూస్తున్నారు. అందుకే తిరగబడింది. పైనుంచి మూడో మెట్టు చూడండి, రెండింట్లోనూ వంగి ఉంది."

అందరూ మూగారు. మూడో మెట్టు వంగే ఉంది.

"కానీ మీ ఇల్లెక్కడ, మా క్లినిక్ ఎక్కడ? మీ ఇంటికి రావాలంటే మార్కెట్ చుట్టూ తిరిగి రావాలి కదండీ" అంది డాక్టరమ్మ.

"చుట్టూ తిరుగుతున్నాం కాబట్టే దూరం" అంటూ టీచరు సుద్దముక్క అడిగింది. లైబ్రరీ అమ్మాయి పరుగెత్తి తెచ్చింది. టీచరు నేల మీద కూర్చుని తమ వీధి గీసింది, బజారు గీసింది, రెంటినీ కలిపే అడ్డసందు గీసింది. ఇళ్లకి ఎంత లోతుంటుందో వేసుకుంటూ పోతే మధ్యలో పెద్ద చదరం ఖాళీగా మిగిలిపోయింది. చుట్టూ ఇళ్లు, వాటికి వెనక్కి తిరిగిన గోడలు. దానికి దారి లేదు. ఎన్నో నెలల తరవాత ఆవిడ వేళ్లకి సుద్ద అంటింది. అది తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"ఇక్కడ ఎవరుంటారు?" అంటూ చదరానికి మూడోవైపు వేలు పెట్టింది.

"మందుల షాపు!" అన్నారు నలుగురూ ఒక్కసారే.

అందరూ వెళ్లి వెనక్కి దారి ఇమ్మంటే మందుల షాపాయన మొదట ఒప్పుకోలేదు. గోడౌను వెనక ఒక తలుపున్న మాట నిజమేనన్నాడు. ఒకప్పుడు అక్కడ ఐసు ఫ్యాక్టరీ ఉండేదనీ, ఆ మెట్లు దాని ట్యాంకు మీదికి వెళ్లేవనీ, ఫ్యాక్టరీ పడగొట్టాక చుట్టూ ఎవరికి వాళ్లు గోడలు కట్టేసుకున్నారనీ తాతయ్య చెప్పేవాడన్నాడు. "కానీ ఆ తలుపు తీయాలంటే పాలపొడి డబ్బాలన్నీ జరపాలండీ. నా నడుం సంగతి మీకు తెలీదు" అన్నాడు.

"నడుం నొప్పికి మందు మీ షాపులోనే ఉందిగా అంకుల్" అంది లైబ్రరీ అమ్మాయి. ఆయనకి నవ్వాగలేదు. నవ్విన మనిషి ఇంక కాదనలేకపోయాడు.

అందరూ వరసగా నిలబడి డబ్బాలు చేతులు మార్చుకున్నారు. గడియకి తుప్పు పట్టి రాలేదు. దానికి నూనె పోశారు, బతిమాలారు, చివరికి డాక్టరమ్మ కాలెత్తి ఒక్క తన్ను తన్నింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది.

లోపల వెలుగుంది, మధ్యలో ఆ నీలం మెట్లు. వానకి తడిసిన గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉంది. ఎవరూ వెయ్యని ఒక బొప్పాయి చెట్టు కాయలతో వంగి ఉంది. నాలుగువైపులా గోడల మీద కిటికీలు, గొట్టాలు, ఆరేసిన బట్టలు. కింద నేలంతా ఆ కిటికీల్లోంచి ఇన్నేళ్లుగా జారిపడ్డ సంసారాలు. బట్టల క్లిప్పులు గుప్పెళ్లకొద్దీ, గరిటెలు, బంతులు, ఎడమకాలి చెప్పులు, ఒక పళ్లసెట్టు. డాక్టరమ్మ ఆ పళ్లసెట్టుని కర్చీఫుతో తీసి, "ఇది మా నాన్నగారి చేతిపనే. చూడండి ఫినిషింగు" అని మురిసిపోయింది. ఎవరికి వాళ్లు ఫోన్లు తీసి చెల్లాచెదురయ్యారు.

టీచరు తమ ఇంటి వైపు గోడని పోల్చుకుంది. పలక ఊడిన వెంటిలేటరు తనకేసి చూస్తున్నట్టుంది. దాని కిందికి వెళ్లి, గడ్డి పక్కకి తప్పించి చూస్తే ఒక చిన్న వస్తువు. వంపు తిరిగి, చిక్కుడుగింజంత ఉంది. తీసి తుడిచింది.

చెవి మిషను.

"ఏమండీ!" అంది. ఆ గొంతు నాలుగు గోడలకీ తగిలి మళ్లీ తిరిగొచ్చింది. పైనున్న పావురాలు లేచిపోయాయి. "బస్సులో పోయిందన్నారు?"

టైమ్‌కీపరు బొప్పాయి చెట్టు వెనక్కి జరిగాడు. "ఏమన్నావ్?"

"ఇక్కడ నటించకండి! బస్సులో పోయింది మన వెంటిలేటరు కిందికి ఎలా వచ్చింది? నడిచొచ్చిందా? ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను. ఒక అబద్ధం చెప్పి, దాని మీద ఇంకో అబద్ధం చెబితే నిజమైపోతుందా? మైనస్‌ని మైనస్‌తో కూడితే ఏమొస్తుంది?"

"ఇంకా పెద్ద మైనస్ వస్తుంది టీచర్!"

ఆ జవాబు టైమ్‌కీపరుది కాదు. పైనుంచి వచ్చింది. అందరూ తలెత్తారు. ఎదురు గోడ మీద, రెండో అంతస్తు వంటింటి కిటికీలో ఒకావిడ. నలభై ఏళ్లుంటాయేమో. చేతిలో సగం తరిగిన వంకాయ. కళ్లు ఇంతింత చేసుకుని కిందికి చూస్తోంది.

"గుణిస్తేనే ప్లస్. కూడితే కాదు" అంది ఆవిడ మళ్లీ. "మీరేనా? ఆ గొంతు మీదేనా టీచర్?"

"ఏ గొంతమ్మా?" అంది టీచరు తెల్లబోయి.

"సాయంత్రం గొంతు! ఆ వెంటిలేటరులోంచి వచ్చే గొంతు!" వంకాయతోనే చూపించింది. "నేను కోడలిగా ఈ ఇంటికొచ్చినప్పట్నించీ వింటున్నా. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది. ఇక్కడ నిలబడి వంట చేస్తుంటే మీరు అక్కడ పాఠం చెప్పేవారు. మొదట్లో రేడియో అనుకున్నా. తరవాత, 'వెధవా, కామా ఎక్కడ పెట్టావురా' అని మీరు తిడుతుంటే, రేడియోలో ఇలా తిట్టరు కదా, ఎవరో మనిషేనని తెలిసింది."

కింద అందరూ గొల్లున నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. చెవి మిషను గుప్పిట్లో బిగించి పట్టుకుని అలాగే చూస్తోంది.

"మీతోపాటే ఎక్కాలు మళ్లీ చదివాను టీచర్. భిన్నాలు నేర్చుకున్నాను. మా మరిది పుస్తకాలు అడిగి తీసుకున్నాను. పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. లెక్కల్లోనే ఎక్కువ మార్కులు. ఇప్పుడు టైల్స్ షాపులో పని చేస్తున్నా. గది కొలతలు చెబితే చాలు, మూల ముక్కలతో సహా ఎన్ని పడతాయో చెప్పేస్తా. మీ కోసం మా వీధంతా వెతికాను టీచర్. లెక్కల టీచరు ఎవరున్నారని అడిగితే ఇక్కడెవరూ లేరన్నారు. అటువైపు వేరే వీధి ఉందని నాకేం తెలుసు? ఆ గొంతు ఆగిపోయాక…" ఆవిడ వంకాయ చేయి మార్చుకుంది. "ఏమైపోయారోనని చాలా బెంగపడ్డాను."

టీచరు ఏదో అనబోయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ గొంతు అలా మూగబోవడం టైమ్‌కీపరు పెళ్లయ్యాక చూడటం అదే మొదటిసారి. చెట్టు చాటు నుంచి బయటికొచ్చి మెల్లగా పక్కన నిలబడ్డాడు.

"మరి ఈ మిషను సంగతి నీకేమైనా తెలుసా అమ్మా?" అంది టీచరు చివరికి, మాట తప్పించడానికి.

"తెలుసు టీచర్. పలకల సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి పడేసింది. ఆరోజు మీరు ఎవర్నో నిలబెట్టి పదమూడో ఎక్కం చెప్పించి పంపేశారు, ఆ వెంటనే. పాపం సార్‌ని ఏమీ అనకండి. మీరు ఆయన్ని తిట్టిన తిట్లన్నీ కూడా విన్నాను."

ఇప్పుడు టీచరు కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"టీచర్, ఒక్క డౌటు మిగిలిపోయింది. అడగనా?"

"డౌటా?"

"ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్. అందులో మధ్యలో టూ ఏబీ ఎక్కడ్నించొస్తుందో మీరు ప్రతి ఏడాదీ చెబుతారు. మొదటి ఏడాది సరిగ్గా అప్పుడే నా కుక్కరు కూసింది. రెండో ఏడాది మా అత్తగారు పిలిచారు. మూడో ఏడాది పిల్లాడు ఏడుపు. ఆ తరవాత కింద ఎవరో గోడకి డ్రిల్లింగు పెట్టారు. సూత్రం నోటికొచ్చు గానీ అదెందుకొస్తుందో ఇప్పటికీ తెలీదు. చెయ్యెత్తి అడుగుదామంటే ఎవరికి కనపడుతుంది?"

టీచరు చుట్టూ చూసింది. గడ్డిలోంచి ఒక ఇటుక ముక్క ఏరుకుంది. డాక్టరమ్మని పక్కకి జరగమని, పై కిటికీకి కనపడేలా తమ ఇంటి గోడ మీద పెద్ద చదరం గీసింది. చెయ్యి అందినంత ఎత్తు, చెయ్యి చాచినంత వెడల్పు.

"కుక్కరు ఏమైనా పెట్టావా?" అంది పైకి చూసి.

"స్టవ్ కట్టేశాను టీచర్!"

"అయితే విను. నువ్వు టైల్స్ లెక్కగట్టే మనిషివి, నీకిది చిటికెలో పని. ఇది గది. ఒక్కో పక్కా ఏ ప్లస్ బీ. ఇటు ఏ దగ్గర ఒక గీత, అటు ఏ దగ్గర ఒక గీత. గది ఎన్ని ముక్కలైంది?"

"నాలుగు!" ఆవిడ ఒక్కతే కాదు, ఇంకో రెండు కిటికీల్లోంచి కూడా జవాబొచ్చింది. ఎప్పుడొచ్చారో ఏమో, కిటికీలన్నిట్లోనూ మొహాలున్నాయి.

"ఈ మూల పెద్ద చదరం, ఏ స్క్వేర్. ఆ మూల చిన్న చదరం, బీ స్క్వేర్. ఇవి రెండూ పరిచేసి మేస్త్రీ చేతులు దులుపుకుని వెళ్లిపోయాడనుకో. గది నిండిందా?"

"లేదు టీచర్, ఇంకా…" ఆవిడ ఆగిపోయింది. కళ్లు గోడ మీద అటూ ఇటూ తిరిగాయి. "ఇంకా రెండు పొడుగాటి ముక్కలున్నాయి. రెండూ ఏ పొడుగు, బీ వెడల్పు. ఓరి దేవుడో! టూ ఏబీ అంటే ఆ రెండు ముక్కలా? ఇంతేనా?"

"ఇంతే."

"నేను రోజూ లెక్కగడుతున్నవేగా టీచర్ ఇవి!" అంటూ ఆవిడ వంకాయ వదిలేసింది. అది వచ్చి గడ్డిలో పడింది. "ఉండండి, వెళ్లిపోకండి, వచ్చేస్తున్నా" అని కిటికీలోంచి మాయమైంది.

మెట్లు దిగి, బజారు చుట్టూ తిరిగి, మందుల షాపులోంచి ఆవిడ వచ్చేసరికి కొంచెం సేపు పట్టింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. టీచరు ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు తప్ప మనిషి తెలియని ఒకరు, ఉన్నట్టే తెలియని ఇంకొకరు. చివరికి టీచరే ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఇటుక పొడి ఆ చేతులకీ అంటింది.

"పిల్లలు మానేశారు, ఇంక వినేవాళ్లు లేరనుకున్నానే అమ్మాయ్" అంది మెల్లగా. పక్కనున్న టైమ్‌కీపరుకి వినపడనంత మెల్లగా. అయినా ఆయనకి వినపడింది. మొహం పక్కకి తిప్పుకుని గోడని ఫోటో తీస్తున్నట్టు నిలబడ్డాడు.

ఆ జాగా ఎవరిదన్న గొడవ వారం తిరక్కుండానే మొదలైంది. స్కూటర్లు పెట్టుకుందామన్నారు కొందరు. మందుల షాపాయన డబ్బాలు పెట్టుకుంటానన్నాడు. లైబ్రరీ అమ్మాయి అందర్నీ అక్కడికే పిలిచి, ముందు ఫోటోలు చూడండి, ఆ తరవాత కొట్టుకోండి అంది. గడ్డి కోసి, బట్టల తీగలు కట్టి, ఏరిన క్లిప్పులతోనే ఫోటోలన్నీ వాటికి వేలాడదీశారు. జనం ఎవరి కిటికీ ఎక్కడుందో, ఎవరి చెప్పు ఎక్కడ దొరికిందో చూసుకుంటూ, ఇన్నేళ్లూ గోడకి అవతల ఉన్న పక్కింటివాళ్లని పలకరించుకుంటూ సాయంత్రం దాకా కదల్లేదు. పళ్లసెట్టు మాత్రం ఎవరూ మాదేనని ఒప్పుకోలేదు. పోయేటప్పుడు, స్కూటర్లు అన్నవాళ్లే, ఇక్కడ నాలుగు బెంచీలు వేస్తే బాగుంటుందన్నారు. నేల మీద కూర్చుని చూసి చూసి వాళ్ల నడుములే పట్టేశాయి మరి. మందుల షాపాయన ఆదివారాలు తలుపు తీసి ఉంచుతానన్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు టీచరు చుట్టూ చేరి, తమకీ డౌట్లున్నాయని నసిగారు. "ఆదివారం పలకతో రండి. ఆలస్యమైతే మాత్రం బయటే నిలబెడతా" అంది టీచరు.

అంతా అయ్యాక టీచరు ఒక కోరిక కోరింది. టైల్స్ షాపావిడ వంటింట్లో ఒకసారి నిలబడాలంది.

ఇద్దరూ మార్కెట్ చుట్టూ తిరిగి ఆ మేడ ఎక్కారు. చిన్న వంటిల్లు. కిటికీ పక్కన గోడ మీద మసి, దాని మీద పెన్సిలుతో చిన్న చిన్న కూడికలు, కొట్టివేతలు. స్టవ్ ముందు నిలబడి చూస్తే ఎదురుగా సరిగ్గా తన వెనక గది వెంటిలేటరు. ఇంత దగ్గరా అనుకుంది టీచరు. చెయ్యి చాచి ఒక గిన్నె కూర అందించొచ్చేమో అన్నంత దగ్గరగా ఉంది.

టైమ్‌కీపరు ఇంటి దగ్గరే ఉండిపోయాడు. ముందే చెప్పినట్టు వెనక గదిలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు. టీచరులాగా గొంతు సన్నం చేసి, "ఒరేయ్ వెధవా, కామా ఎక్కడ పెట్టావురా!" అని అరిచాడు. ప్రతి అక్షరం స్పష్టంగా వచ్చి ఆ వంటింట్లో వాలింది.

"నేను అలా అంటానా?" అంది టీచరు.

"అచ్చం అలాగే" అంది టైల్స్ షాపావిడ.

టీచరు ఆవిడ ఫోను అడిగి తీసుకుంది. ఎలా పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో చూపించుకుని, స్టవ్‌నీ కిటికీనీ అవతలి వెంటిలేటరునీ ఒక్క చట్రంలోకి తెచ్చుకుంది. ఊడిన పలక సందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఊగుతోంది.

"చెయ్యి కదపకండి!" అని అరిచింది.

చెయ్యి ఠక్కున ఆగిపోయింది. టీచరు నొక్కింది.